పట్నంలో ఆకలి వేసినప్పుడు

యాత్రలను గూర్చి వ్రాసేవారు సాధారణంగా కోటలను, గోపురాలను, మీనారులను వర్ణిస్తారు. ఆ మీనారు క్రింద నిలబడినప్పుడు తమకు ఆకలి వేసిందా, వేస్తే ఎక్కడ తిన్నారు, ఎంత ఇచ్చుకున్నారు అన్న సంగతి మాత్రం వ్రాయరు. అది వ్రాయదగినంత గౌరవమైన విషయం కాదని వారి అభిప్రాయం కాబోలు. మన ఏనుగుల వీరాస్వామయ్యగారు అట్లా అనుకోలేదు. 1830లో మద్రాసు నుండి కాశికి బయలుదేరిన ఆయన, ఏ మజిలీలో ఏ సరుకు దొరుకుతుంది, నీళ్ళు మంచివా కావా, దిగడానికి వసతి ఉన్నదా లేదా అన్నవి ఓపికగా వ్రాసిపెట్టారు. 1838లో అచ్చయిన ఆ కాశీయాత్ర చరిత్రను పాఠంగా చెప్పేటప్పుడు విద్యార్థులు ఈ భాగాల వద్ద ఆవులిస్తారు. మాకు మాత్రం ఆ భాగాలే ఇష్టం. తన వెనుక రాబోయే బాటసారికి ఆకలి వేస్తుందని ఆయనకు తెలుసు. ఆయన పదిహేను నెలలకు పైగా నడిచిన యాత్రలో చేసిన పనిని, మేము రెండు రోజుల హైదరాబాదు ప్రయాణం మేరకు చేయబూనుకున్నాము. విద్యార్థులు, కళాశాల పెద్దలు మన్నింతురుగాక.

కర్నూలుకు హైదరాబాదు పరాయి ఊరు కాదు. 1953 నుండి 1956 వరకు ఆంధ్ర రాష్ట్రానికి మన ఊరే రాజధాని. 1956 నవంబరులో ఆ గౌరవం మూసీ ఒడ్డుకు తరలిపోయింది. 2014లో రాష్ట్రం రెండైనది. 2024 జూన్ 2తో హైదరాబాదు ఉమ్మడి రాజధానిగా ఉండే గడువు కూడా తీరిపోయింది. రాజధానులు మారినా బస్సుల రద్దీ మారలేదు. వైద్యానికి, పోటీ పరీక్షలకు, ఇంటర్వ్యూలకు, పెండ్లి బట్టలకు మనవారు తుంగభద్ర దాటి ఉత్తరానికే పోతున్నారు. మన విద్యార్థులు సైతం నెలకు ఒకరిద్దరైనా ఏదో ఒక పరీక్ష వ్రాయడానికి పోయి వస్తూ ఉంటారు. తిరిగివచ్చిన వారిని ప్రశ్నపత్రం ఎట్లా ఉన్నదని అందరూ అడుగుతారు. ఏమి తిన్నారని మేము అడుగుతాము. నాలుగు అరటిపండ్లు, ఒక బిస్కెట్ పొట్లం అన్నదే తరచుగా వచ్చే జవాబు. ఎందుకంటే, ‘ఎక్కడికి పోవాలో తెలియలేదు సార్’ అంటారు. హోటళ్ళు లేక కాదు. ఆ నగరంలో అడుగడుగునా హోటలే. లోపలికి పోతే ఎంత అవుతుందో, ఏమని అడగాలో, ఎంతసేపు కూర్చోనిస్తారో తెలియక గుమ్మం వద్దనే వెనుదిరుగుతారు.

గత శీతాకాలంలో రెండవ శనివారం, ఆదివారం కలిసివచ్చినప్పుడు గ్రంథాలయానికి పుస్తకాలు కొనే పనిమీద మేము, ఉర్దూ శాఖ మేడమ్ గారు, ఆరుగురు విద్యార్థులతో హైదరాబాదు వెళ్ళాము. నలుగురు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు. వారిలో ఒకడు గుడ్డు కూడా ముట్టని ఇంటివాడు. ఇద్దరు జబీహా తప్ప మరొక మాంసం తాకనివారు. ఒక అమ్మాయి ఇంటి వెలుపల తిన్న అనుభవం మన కర్నూలు బస్టాండు వద్ద ఉగ్గాని బజ్జీకి పరిమితం. ఇందరినీ ఒకే బల్ల వద్ద కూర్చోబెట్టడం ఎట్లాగన్నది, పుస్తకాల జాబితా కంటె పెద్ద సమస్య అయింది. చిత్రమేమంటే, పుస్తకాలకు కళాశాల నుండి పైకము ఉన్నది; భోజనానికి ఎవరి జేబు వారిదే.

బస్సెక్కే ముందు మేడమ్ గారు ఒక గుడ్డ సంచి తీసి, ‘ఎవరు ఎంత వేయగలరో అంత వేయండి, చేయి లోపల పెట్టి వేయండి, ఒకరిది ఒకరు చూడరాదు’ అన్నారు. సంచి అందరి చేతులు దాటి తిరిగి వచ్చింది. దానిని ఒక అమ్మాయికి అప్పగించి కోశాధికారిణిని చేశారు. ఆ రెండు రోజులు ఎక్కడ ఏమి తిన్నా సంచియే చెల్లించినది. స్నేహితులతో ఊరు వెళ్ళే విద్యార్థులందరికీ మేము మొదట చెప్పదలచినది ఈ సంచిని గూర్చియే. బిల్లు వచ్చినప్పుడు తలకింతని పంచుకోవడం న్యాయంగా కనిపిస్తుంది. కాని అందులో లేనివాడు అందరి ఎదుట పట్టుబడతాడు.

తెల్లవారుజామున ఇమ్లీబన్ బస్టాండులో దిగాము. ముఖం కడుక్కొని, అఫ్జల్‌గంజ్ వైపు నడిచి, మూలమీద ఉన్న ఒక పాత ఇరానీ హోటలులో కూర్చున్నాము. (మన భాషలో హోటలంటే తినే చోటు, పడుకునే చోటు లాడ్జి. ఇంగ్లీషువారు ఏమనుకున్నా మనకు ఈ విభజనే సౌకర్యం.) పాలరాతి పలకల బల్లలు, వంపు తిరిగిన వీపుల కొయ్య కుర్చీలు, గోడలకు మసకబారిన నిలువుటద్దాలు. సర్వరు వచ్చి, మేము ఏమీ అడుగకముందే ఒక పళ్ళెంలో ఉస్మానియా బిస్కెట్లు, ఫైన్ బిస్కెట్లు, చిన్న ఉల్లి సమోసాలు పెట్టి వెళ్ళాడు.

అది చూడగానే మా బి.ఏ. రెండవ సంవత్సరం విద్యార్థి ఒకడు రెండు చేతులూ బల్ల క్రిందికి దించుకొని, ‘నాకు ఆకలిగా లేదు సార్’ అన్నాడు. రాత్రంతా బస్సు కిటికీ పక్కన చలికి వణికిన ఇరవై ఏండ్ల పిల్లవానికి ఆకలి లేకపోవడమేమిటి? అధ్యాపక వృత్తిలో ఉన్నవారికి ఈ వాక్యం కొత్త కాదు. ఫీజు గడువు నాడు ‘జ్వరం వచ్చింది సార్’ అన్న మాట ఎట్లాంటిదో, పట్నంలో ‘ఆకలి లేదు సార్’ అన్నదీ అట్లాంటిదే. మేము అతనికి జవాబు చెప్పలేదు. మేడమ్ గారు అతనివైపు చూడకుండానే అందరికీ వినబడేటట్లు ఆ హోటళ్ళ ఆచారం వివరించారు. ‘ఈ పళ్ళెం మన కోసం కాదు, బల్ల కోసం పెడతారు బేటా. తిన్నవాటినే లెక్కపెడతారు. మిగిలినవి పక్క బల్లకు పోతాయి. ఒక్క బిస్కెట్ తిన్నా ఒక్కదానికే ఇస్తాము, ఒక్కటీ తినకపోయినా ఎవరూ ఏమీ అనరు.’ తరువాత ఆమె నాలుగు చాయ్‌లు, ఒన్ బై టూ చేయమన్నారు. ఎనిమిది కప్పులు వచ్చినవి.

ఈ ఒన్ బై టూ అన్న మాటను మేము హైదరాబాదు నాగరికతలో గొప్ప విషయాలలో ఒకటిగా ఎన్నుతాము. ఒక చాయ్ ధర చెల్లించి ఇద్దరు కూర్చోవచ్చును. సగమే తాగేది డబ్బు లేకనో, ఎక్కువ వద్దనుకొనియో ఎవరికీ తెలియదు. ఉద్యోగస్థులు అట్లాగే అడుగుతారు, ఆటో నడిపేవారు అట్లాగే అడుగుతారు. మేము ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. తెలుగు చదివిన రెండేండ్లలో ఎన్ని సాయంత్రాలు అరకప్పు చాయ్‌తో గడిచినవో లెక్కలేదు. ఛందస్సు కొంత, రాజకీయాలు కొంత, ఉద్యోగ ప్రకటనలు కొంత. అరకప్పుకు రెండు గంటలు కూర్చున్నా గల్లాపెట్టె వెనుక ముసలాయన తల ఎత్తేవాడు కాడు. మా చేతులలోని చాయ్ ఎప్పుడో చల్లారిపోయి ఉండేది. మన పాఠ్యపుస్తకాలలో దీనిని తేనీరు అని వ్రాస్తాము. తేనీరు ఇమ్మని అడిగిన మనిషిని మేము ఇంతవరకు ఏ హోటలులోనూ చూడలేదు.

చాయ్ తయారు చేసే తీరు కూడా చెప్పవలసి ఉన్నది. తేయాకును నీళ్ళతో మూత బిగించిన పాత్రలో సన్నని సెగపై చాలాసేపు మగ్గబెడతారు. పాలను వేరొక పాత్రలో చిక్కబడేదాకా కాచుతూనే ఉంటారు. అడిగినప్పుడు డికాక్షను, పాలు కప్పులోనే కలుస్తాయి. పాలు ఎక్కువ కావలసినవారు పౌనా అని అడుగుతారు. ఇంట్లో పాలు, నీళ్ళు, ఆకు, చక్కెర ఒకేసారి మరిగించే మనకు ఆ రుచి రాకపోవడానికి కారణం ఇదే. వెంట తినే ఉస్మానియా బిస్కెట్ పేరు ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్‌ను గుర్తుచేస్తుంది. ఉస్మానియా ఆసుపత్రి రోగుల కొరకు మొదట చేశారని ఒక కథ, నిజాముగారికి ప్రీతి అని ఇంకొక కథ. తీపి, ఉప్పు ఒకే ముక్కలో ఉండటం మాత్రం కథ కాదు.

ఈ హోటళ్ళను పెట్టినవారు పంతొమ్మిదవ శతాబ్ది చివర, ఇరవయ్యవ శతాబ్ది మొదట ఇరాన్‌లోని యజ్ద్ మొదలైన ప్రాంతాల నుండి బొంబాయి, పూనాల మీదుగా వచ్చిన కుటుంబాలవారు. మూల స్థలాలు శుభం కావని ఇతర వర్తకులు వదలుకొంటే వారు తీసుకొన్నారని ఒక వాడుక ఉన్నది. మూలకు రెండు వైపులా వాకిలి ఉంటుందన్న వర్తక జ్ఞానం వారికి ఉండిందని మా అనుమానం. ఆబిడ్సులో ఒకప్పుడు ఉండిన ఓరియంట్ హోటలు కవులకు, చిత్రకారులకు, కార్మిక నాయకులకు కూడలి. మఖ్దూం మొహియుద్దీన్ (1908–1969) అక్కడ కూర్చునేవారని పాతవారు చెబుతారు. అది ఇప్పుడు లేదు. రెడ్ హిల్స్‌లోని కేఫ్ నీలోఫర్ ఉన్నది. అక్కడ పనివాడుగా చేరిన బాబూరావుగారు తరువాత దానికి యజమాని అయినారు. ఇరానీలు తెచ్చిన చాయ్‌ను తెలుగువాడు కాచితే రుచి మారలేదు. తాగేవారు పెరిగారు.

అయినప్పటికీ ఇటువంటి హోటళ్ళు ఏటేటా తగ్గుతున్నవి. మూల స్థలాల ధరలు ఆకాశానికి ఎక్కినవి. వారసులు ఎక్కువై వాటాలు చిన్నవైనవి. రోడ్ల వెడల్పులో కొన్ని పోయినవి. వీటి స్థానంలో పది అడుగుల వెడల్పు చాయ్ దుకాణాలు వస్తున్నవి. చాయ్ బాగానే ఉంటుంది, కుర్చీ ఉండదు. కాగితపు కప్పులో పోసి ఇస్తారు, నిలబడి తాగి పొమ్మంటారు. వర్తకం దృష్ట్యా తప్పు పట్టలేము, ఇరవై రూపాయల అటూఇటూ ధరకు పాలరాతి బల్ల, రెండు గంటల నీడ ఇచ్చి ఎవరు బ్రతకగలరు? కాని పరీక్ష మధ్యాహ్నం రెండు గంటలకు ఉండి, ఉదయం ఆరింటికే బస్సు దిగిన పిల్లవాడు ఆ ఎనిమిది గంటలు ఎక్కడ కూర్చోవాలి? పార్కు ఉన్నది, ఎండ ఉన్నది. ఈ ప్రశ్న మేము పాత జ్ఞాపకాల మీది మమకారంతో వేయడం లేదు.

ఇక మా మొదటి ఉదయానికి వద్దాము. బల్ల క్రిందికి పోయిన చేతులు మెల్లగా పైకి వచ్చినవి. రెండు సమోసాలు, మూడు బిస్కెట్లు తిన్నాడని కోశాధికారిణి లెక్క. ఆ లెక్క ఆమె మాకు మాత్రమే చెప్పింది. అక్కడి నుండి మదీనా, పత్తర్‌గట్టి మీదుగా చార్మినారు దాకా నడిచాము. 1591లో కట్టిన ఆ కట్టడం క్రింద ఉదయం ఏడు గంటలకు పావురాలు, చీపుర్లు తప్ప రద్దీ ఉండదు. దానిని చూడవలసిన వేళ అదే. శాకాహారి పిల్లవాడు పాతబస్తీలో తనకు పస్తే అనుకొని బ్యాగులో అటుకులు తెచ్చుకొన్నాడు. చార్‌కమాన్ వద్ద గోవింద్ దోశ బండి చూపించేసరికి అటుకుల సంగతి మరచిపోయాడు. పెనం మీద వెన్న, కారప్పొడి, ఉల్లి, టమాటా కలిపి దోశపై రాస్తారు. ఇడ్లీని కూడా పెనం మీదనే వేయిస్తారు. బండి చుట్టూ టోపీలవారు, బొట్లవారు ఒకే వరుసలో ఆకులు పట్టుకొని నిలబడి ఉంటారు. ఇక్కడ కుర్చీ లేదు, నిజమే. దోశకు కుర్చీ అక్కరలేదు. చేతిలో దోశ ఉన్నంతసేపు మనిషికి వేరే ఆలోచన ఉండదు.

పగలంతా పుస్తకాల పని. 1901లో స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం సుల్తాన్‌బజారులో ఉన్నది. పిల్లలకు దానిని చూపించాము. మధ్యాహ్నం ఆబిడ్సులోని తాజ్‌మహల్ హోటలులో భోజనం. పేరు చూచి ఒక అమ్మాయి మొగలాయి వంటలు ఆశించినది. వచ్చినది సాంబారు, కూర, పెరుగు. శాకాహారి పిల్లవాడు ఆ పూట మా అందరికీ ఆతిథ్యమిస్తున్నవాని వలె, ‘సార్, ఇంకొంచెం వేయించుకోండి’ అని వడ్డనవారిని పిలిచాడు.

అంత ఖర్చు పెట్టుకోలేని వారికి ఇంకొక దారి కలదు. నగరపాలక సంస్థ 2014లో ఐదు రూపాయలకు భోజనం పెట్టే కేంద్రాలు ప్రారంభించింది. అన్నం, సాంబారు, కూర, పచ్చడి. మన రాష్ట్రంలో 2018లో మొదలై, 2019లో మూతపడి, 2024 ఆగస్టులో మళ్ళీ తెరచుకొన్న అన్న క్యాంటీన్ల వంటివే ఇవి. ఆసుపత్రుల వద్ద, బస్టాండుల వద్ద మధ్యాహ్నం వరుస కనిపిస్తే అదే. పరీక్షకు వచ్చిన విద్యార్థి ఆ వరుసలో నిలబడటానికి సిగ్గుపడరాదు. ఆ వరుసలో మేము చదువుకొనే రోజులలో ఇటువంటిది లేకపోయెనే అని మాకు ఈర్ష్య.

సాయంత్రం కోఠీలో గోకుల్ చాట్ వద్దకు వెళ్ళాము. 2007 ఆగస్టు 25న అక్కడ బాంబు పేలినది. అదే రోజు లుంబినీ పార్కులో మరొకటి. అంతకు మూడు నెలల ముందు, మే 18న, శుక్రవారపు నమాజు వేళ మక్కా మసీదులో పేలినది. మాతో వచ్చిన పిల్లలు అప్పటికి పాలు త్రాగే వయసువారు. చెప్పేదాకా వారికి తెలియదు. అప్పుడు మేము ఇంటర్మీడియట్ చదువుతున్నాము. ఆ సంవత్సరమంతా బస్సులో మా పేరు ఎవరైనా అడిగితే, చెప్పేముందు ఒక క్షణం ఆగవలసి వచ్చేది. ఉదయం మక్కా మసీదు గోడ పక్కన నడిచి, సాయంత్రం కోఠీలో పానీపూరీ తిన్నాము. రెండు చోట్లా జనం క్రిక్కిరిసి ఉన్నారు. శాకాహారి పిల్లవాడు, జబీహా పిల్లలు ఇద్దరూ ఎవరు ఎక్కువ పానీపూరీలు తింటారని పందెం వేసుకొన్నారు.

అమ్మాయిల సంగతి వేరుగా చెప్పాలి. పాత ఇరానీ హోటళ్ళలో ‘ఫ్యామిలీ’ అని ఒక మూల, కొన్ని చోట్ల తెర కట్టిన గదులు ఉండేవి. గౌరవం కొరకే పెట్టినా, గాలి, వెలుతురు రాని ఆ మూలలో ఏ ఆడపిల్ల స్థిమితంగా కూర్చుంటుంది? ‘మా కాలంలో మగపిల్లలు రోడ్డు చూస్తూ చాయ్ తాగేవారు, మేము గోడ చూస్తూ తాగేవారము’ అన్నారు మేడమ్ గారు. ఇరానీ హోటలు అందరిదీ అని పొగిడేవారు, మాతో సహా, ఈ వాక్యం వినవలసినదే. ఆమె ఆ సాయంత్రం మమ్ములను మొజంజాహీ మార్కెట్టుకు తీసుకొనిపోయారు. 1935లో నిజాము కుమారుడు మొజంజా పేర కట్టిన రాతి మార్కెట్టు అది. మరమ్మతులు చేసి 2020లో కొత్తగా తీర్చిదిద్దారు. ఆరుబయట వేసిన కుర్చీలలో కూర్చుండి, ఫేమస్ ఐస్‌క్రీమ్ వారి సీతాఫలం ఐస్‌క్రీమ్ తిన్నాము. చుట్టూ తల్లులు, పిల్లలు, బురఖాల వారు, చీరల వారు. ఎవరికీ తెర లేదు, అందరికీ గాలి ఉన్నది. కోశాధికారిణి అక్కడ గంటసేపు కదలలేదు. నగరంలో ఆమెకు అన్నిటికంటె నచ్చిన చోటు అదేనని తరువాత చెప్పింది. రుచి కొరకా, గాలి కొరకా అన్నది మేము అడుగలేదు.

రాత్రి భోజనం గూర్చి త్వరగా ముగిస్తాము. పిల్లలు ఫోనులలో చూచి ఒక పేరుమోసిన బిర్యానీ హోటలు కావాలన్నారు. పేరు వ్రాయము. ముప్పావుగంట చీటీ పట్టుకొని నిలబడ్డాము. కూర్చున్న తరువాత పావుగంటకే బిల్లు బల్ల మీదికి వచ్చింది. మా కుర్చీల వెనుక తరువాతి కుటుంబం నిలబడి మా పళ్ళేలలోకి చూస్తూ ఉండెను. బిర్యానీ మంచిదే. ఏమి తిన్నామో మాకు గుర్తులేదు.

ఆదివారం తెల్లవారగానే కావలసినవారు నహారీకి రావచ్చునన్నాము. శాకాహారితో సహా అందరూ వచ్చారు. మదీనా సమీపంలో షాదాబ్, నయాబ్ వంటి హోటళ్ళలో పొద్దున్నే ఇది దొరుకుతుంది. నహార్ అంటే అరబ్బీలో పగలు. పొట్టేలు కాళ్ళు, నాలుక రాత్రంతా సన్నసెగపై ఉడికి పులుసు జిగురుగా దిగుతుంది. దానిని నాలుగు మూలల నాన్‌తో తింటారు. పురానీ హవేలీ వద్ద 1851లో మొదలైన మున్షీ నాన్ దుకాణం ఆ చార్‌కోనీ నాన్‌కు పేరు తెచ్చింది. శాకాహారి పిల్లవాడు నాన్ మీద మలాయి వేయించుకొని చాయ్‌తో తిన్నాడు. ఖిచిడీ, ఖీమా, నువ్వులు చింతపండు కలిపిన ఖట్టా అన్నది ఇక్కడి మరొక ఉదయ భోజనం. నహారీ కడుపుకు బరువనిపించిన వారు దానిని కోరుకోవచ్చును.

ఇక్కడ ఒక సంగతి దాచరాదు. పాతబస్తీలో ‘ఛోటే కా’ అంటే మేక, పొట్టేలు మాంసం. ‘బడే కా’ అంటే పశుమాంసం. తెలియక తినివచ్చి తరువాత బాధపడిన వారున్నారు. తెలియక తింటామేమో అన్న భయంతో స్నేహితుల వెంట రానివారు ఇంకా ఎక్కువమంది ఉన్నారు. అడగడం అమర్యాద కాదు. మా విద్యార్థి ఒకడు జంకుతూ, తెలుగులోనే, ‘అన్నా, ఇది మేకదేనా?’ అన్నాడు. సర్వరు నవ్వలేదు, నొచ్చుకోలేదు. ‘ఛోటే కాచ్ హై భాయ్, ఇక్కడ అదొక్కటే’ అని దక్కనీలో మొదలుపెట్టి తెలుగులో ముగించాడు. ఆ మాటతో ఆ బల్ల చుట్టూ కూర్చున్న అందరి భుజాలు ఒక్కసారి క్రిందికి దిగినవి. ముస్లిం స్నేహితునితో హోటలుకు వచ్చే హిందూ విద్యార్థికి ఈ ప్రశ్న అడిగే హక్కు ఉన్నది. అతడు అడుగకముందే స్నేహితుడు అడిగి చెబితే ఇంకా మంచిది.

తరువాత ఆబిడ్సు కాలిబాటల మీద ఆదివారపు పాత పుస్తకాల బజారు. మూతపడిన దుకాణాల ముందు గుడ్డలు పరచి పుస్తకాలు గుట్టలుగా పోస్తారు. మూడు గంటలు వంగి వంగి వెదికిన తరువాత, 1935 నుండి ఉన్న గ్రాండ్ హోటలులో కూర్చున్నాము. ఒక సింగిల్ బిర్యానీ ఇద్దరికి చాలునని, వెంట మిర్చీ కా సాలన్, పెరుగు పచ్చడి వస్తాయని కొత్తవారు తెలుసుకోవాలి. ఇక్కడ మమ్ములను ఎవరూ లేపలేదు. పుస్తకాల కట్టలు విప్పి బల్ల నిండా పరచి, ఏ శాఖకు ఏవో విడదీసుకొన్నాము. ‘ఆకలి లేదు సార్’ అన్న అబ్బాయి పాత నిఘంటువు ఒకటి మోకాళ్ళ మీద పెట్టుకొని, ఎడమచేత్తో పుటలు త్రిప్పుతూ కుడిచేత్తో తింటూనే ఉన్నాడు. నిఘంటువు మీద సాలన్ మరక పడినది. గ్రంథాలయాధికారి గారు దానిని ఇప్పటికే చూచి ఉంటారు.

బస్సుకు ముందు నాంపల్లిలో సుభాన్ బేకరీ వద్ద ఆగి ఇళ్ళకు ఉస్మానియా బిస్కెట్లు కొన్నాము. ఫ్రూట్ బిస్కెట్లు కావలసినవారు మొజంజాహీ మార్కెట్టు ఎదుట, విభజన తరువాత కరాచీ నుండి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నానీ 1953లో పెట్టిన కరాచీ బేకరీకి వెళ్ళారు. రంజాన్ నెలలో వెళ్ళేవారు హలీం తినక రాకూడదు. హైదరాబాదీ హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. మేము వెళ్ళినది ఆ నెల కాదు కాబట్టి దానిని గూర్చి ఇంతకంటె వ్రాస్తే నోరూరడమే మిగులుతుంది.

సంచిలో చివరకు నూట పది రూపాయలు మిగిలినవి. ఎవరివో తెలియదు కాబట్టి ఎవరికీ తిరిగి ఇవ్వడానికి వీలుకాలేదు. కళాశాల కార్యవర్గ పెద్దలకు మా విన్నపం ఈ నూట పదితోనే మొదలవుతుంది. దీనికి మేము, మేడమ్ గారు చెరికొంత చేర్చి గ్రంథాలయంలో ఒక డబ్బాలో ఉంచాము. పరీక్షకో, ఇంటర్వ్యూకో హైదరాబాదు వెళ్ళే విద్యార్థి అడిగితే ఒక రోజు భోజనానికి సరిపడా ఇస్తారు, సంతకం అడుగరు. పుస్తకాల పద్దు ప్రక్కన దీనికి కూడా ఏటా ఒక చిన్న పద్దు కేటాయించవలెనని ప్రార్థన. పిల్లలు తాము తిన్న చోట్ల జాబితాను తెలుగులో, ఉర్దూలో వ్రాసి, ఎక్కడ కూర్చోవచ్చు, ఎక్కడ నిలబడాలి, ఎక్కడ అమ్మాయిలకు బాగుంటుంది అన్న వివరాలతో గ్రంథాలయం వెలుపలి నోటీసు బోర్డుకు అంటించారు. దాని అడుగున ఎవరో అప్పుడే పెన్సిలుతో, ‘కాచిగూడ స్టేషను దగ్గర ఏది మంచిది?’ అని వ్రాసి ఉన్నారు. తెలిసినవారు ఆ క్రిందనే వ్రాయగలరు.